కాచిన నీళ్లు

మా పేటలో ప్రతి ఇంటి ముందూ ఒక గుంత ఉండేది. ఆదోనిలో ఎండలు ముదిరితే కొళాయి నీళ్లు రోజూ రావు. వచ్చిన రోజు కూడా పైపులో ఊపు ఉండదు. గట్టు మీద పెట్టిన కొళాయికి ఎక్కలేని నీళ్లు, నేలలోకి దించి పెట్టిన పైపుకైతే సన్నగా కారుతాయి. అందుకని ఒకరు మూరెడు లోతు తవ్వితే పక్కింటివాళ్లు ఇంకో జానెడు ఎక్కువ తవ్వారు. అలా పోటీ పడి తవ్వీ తవ్వీ, చివరికి నీళ్లు పట్టాలంటే ఆడవాళ్లు గుంతలోకి దిగి, చెంబుతో బిందెలోకి తోడి, బిందెను పైనున్నవాళ్లకు అందించాల్సి వచ్చేది. గుంత పక్కనే మురికి కాలువ. కాలువ ఊట గుంతలోకి దిగుతుంది. నీళ్లు ఆగిపోయినప్పుడు ఆ ఊటలో మునిగిన పైపు దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలోకి వచ్చేది అదే. మొదటి బిందె పారబోయాలని మాకు తెలియక కాదు. నీళ్లు ఎప్పుడు ఆగిపోతాయో తెలియనప్పుడు నిండిన బిందెను పారబోయడానికి చేతులు రావు.

ఆ ఏడు బడికి సెలవులు ఇచ్చిన కొన్నాళ్లకు వీధి మొదట్లో ఒక ముసలాయనకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వయసు, ఎండ, ఏదో తిని ఉంటాడు అనుకున్నాం. మరునాడు ఎదురు వరసలో ఇద్దరు పిల్లలు పడిపోయారు. ఆ తర్వాత ఎవరింట్లో ఎవరికి అని చెప్పుకోవడం మానేశాం. పొద్దున్నే తలుపు తీయగానే ఏ ఇంటి ముందు ఆటో ఆగి ఉందా అని చూడటం అలవాటైపోయింది. కరోనా రోజుల్లో మూతికి గుడ్డ కట్టుకుని తిరిగిన వీధే ఇది. అప్పుడు గాలికి భయపడ్డాం, ఇప్పుడు నీళ్లకు భయపడుతున్నాం. "కరోనాకైతే మాస్కు కట్టుకుంటిమి, దీనికి ఏం కట్టుకోవాలక్కా?" అని ఒకామె నన్ను నిజంగానే అడిగింది. 

నేను పక్క వీధి బడిలో టీచర్ని. మాది దూదేకుల ఇల్లు. మా ఆయనకు పరుపుల అంగడి ఉంది. వీధిలో ప్రతి ఇంటికీ మా పరుపో దిండో వెళ్లి ఉంటుంది కాబట్టి అందరి గడపలూ నాకు చనువే. ఆశా కార్యకర్త ఒక్కతే ఇన్ని వీధులు తిరగలేక, ఓఆర్‌ఎస్ పొట్లాలు సంచీ నిండా తెచ్చి నా చేతికిచ్చింది. "టీచరమ్మా, మీరు సెప్తే వింటారు. ఈ వీధి మీరు సూసుకోండి" అంది.

నాకు భయం వేస్తే నోరు పెద్దదవుతుంది. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన జబ్బే. ఆ వారం నా గొంతు వీధి ఈ కొస నుంచి ఆ కొసకు వినిపించింది. నీళ్లు సలసల మరగాలి. చల్లారాక మూత పెట్టాలి, చెయ్యి ముంచకూడదు. పొట్లం మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసుడు నీళ్లలో కాదు. పిల్లలకు కాచిన నీళ్లే. ముసలివాళ్లకు కాచిన నీళ్లే. కడుపుతో ఉన్నవాళ్లకు, బాలింతలకు కాచిన నీళ్లే. చెప్పి ఊరుకోకుండా వాళ్లతో తిరిగి అప్పజెప్పించుకునేదాన్ని. మా ఆయన పక్కన నిలబడి, "నీ గొంతు ఇంటే రోగమే ఊరు దాటి పోతాదిలే" అని ఎగతాళి చేసేవాడు. ఎగతాళి చేస్తూనే అంగడి మూసి, కొళాయి పైపుల మూతులకు కొయ్య బిరడాలు చెక్కుతూ కూర్చునేవాడు. అతనికి భయం వేస్తే చేతులు ఊరికే ఉండవు.

మా ఇంటి గోడకు ఆనుకుని ఒక అక్క ఉండేది. నాకంటే పెద్దది. మొగుడు పోయి చాన్నాళ్లయింది. సాయంత్రాలు పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టెలు కాల్చి అమ్మి ఒక్కగానొక్క కూతుర్ని పెంచింది. పెళ్లయినా ఆ కూతురు మా ఇద్దరికీ పాపే. ఆ పిల్లను ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాళ్ల ఇంటికి ఇచ్చింది. ఆ వేసవిలోనే పిల్ల తొలి కాన్పుకు వచ్చి ఆడబిడ్డను కన్నది. చెవుల్లో పెట్టుకోవడానికి మంచి దూది ఏరి మా ఆయనే ఇచ్చాడు. తలకు గుడ్డ, చెవుల్లో దూది, వెల్లుల్లి కారంతో అన్నం, సాంబ్రాణి పొగ, అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతున్నాయి. పద్ధతిలో ఇంకొకటి ఉంది. బాలింతకు నీళ్లు ఇవ్వరు. దప్పిక అంటే గొంతు తడిసేంత వేడినీళ్లు, అంతే. మా వైపు పెద్దవాళ్లు దీన్ని ఎంత గట్టిగా పట్టుకుంటారో బాలింతగా ఉన్నవాళ్లకే తెలుస్తుంది. నా కాన్పులప్పుడు వాకిట్లో వాన పడుతుంటే చూస్తూ ఏడ్చాను, ఆ నీళ్లు నోట్లో పడితే బాగుండునని.

ఒక రోజు పొద్దున వాళ్ల దండెం మీద పాత చీర ముక్కలు ఆరేసి ఉన్నాయి. కాసేపటికి చూస్తే అవి పోయి ఇంకొన్ని వచ్చాయి. ఆ తర్వాత మళ్లీ కొత్తవి. పసిపిల్ల గుడ్డలు అంత పెద్దవి ఉండవు. పైగా పసిది ఆపకుండా ఏడుస్తోంది, పాలు చాలని ఏడుపు. గోడ మీంచి పిలిచాను.

"అక్కా, పాపకు బాగలేదా?"

"పచ్చి ఒళ్లు గదమ్మీ, రొంత కడుపు కదిలింది. సర్దుకుంటాది."

నేను సర్దుకునే రకం కాదు. చుట్టూ తిరిగి వాళ్ల ఇంట్లోకి వెళ్లాను. ఆ పిల్ల మంచంలో ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. కళ్లు లోపలికి పోయాయి. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. బిడ్డ రొమ్ము పట్టుకుని రెండుసార్లు చీకి, వదిలేసి ఏడుస్తోంది.

"చిన్నమ్మా, నోరు ఎండిపోతాంది" అంది పిల్ల. "మాయమ్మ నీళ్లియ్యదు."

నేను అక్క వైపు తిరిగాను. నెమ్మదిగా మాట్లాడాల్సింది. "సంపుకుంటావా కూతుర్ని?" అన్నాను. వీధిలోకి వినిపించేట్టుగానే అన్నాను.

ఆమె నా మీదికి గొంతెత్తలేదు. తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. "నాకు సెప్పొద్దమ్మీ. మా పెద్దక్క నా కండ్ల ముందరే పోయింది. బాలింతగా ఉండి, దప్పిక ఓర్సుకోలేక కుండలో సల్లనీళ్లు ముంచుకుని తాగింది. పొద్దుటికల్లా మొగమూ కాళ్లూ ఇంత లావు ఉబ్బినాయి. ఫిట్సొచ్చి ఆడనే పోయింది. నీళ్లే సంపినాయి. నేను సూసినా."

అది నీళ్ల వల్ల కాదు, బీపీ ఎక్కువై ఉంటుంది అని నేను చెప్పాను. ఇన్నేళ్లుగా మోస్తున్న చావుకు పొరుగింటామె వచ్చి వేరే కారణం చెబితే ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? "బడిలో సెప్పుకో టీచరమ్మా" అని ఆమె తలుపు వేసింది. ఎప్పుడూ నన్ను అమ్మీ అని తప్ప పిలవని మనిషి.

ఆశా కార్యకర్తకు ఫోన్ చేశాను. ఆమె ఎక్కడో ఆటోలో ఎవరినో తీసుకుపోతూ ఉంది. "మూత్రం వచ్చిందా, ఒంటికి పోయిందా లేదా కనుక్కోండి మేడం. పొద్దున్నించి పోకుంటే, సాయంత్రానికి కూడా పోకుంటే ఇంక ఆగొద్దు. మగతగా పడిపోయినా ఆగొద్దు, ఆస్పత్రికి తీసుకు రాండి" అంది. అసలు అప్పుడే తీసుకుపోవాలని నాకు ఉంది. కానీ రోగులతో నిండిన వార్డులోకి పురిటి గుడ్డును తీసుకుపోవడానికి ఆ తల్లి ఒప్పుకోవాలి కదా. ఆమె తలుపే తీయడం లేదు.

మా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పోపు పెట్టబోయి చేతిలో గరిటెతోనే వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. గోడ అవతల ఏడుపు ఆగితే ఎందుకు ఆగిందని భయం, మొదలైతే ఎందుకు ఏడుస్తోందని భయం. అప్పుడే గోడ మీంచి వాము కాగుతున్న వాసన వచ్చింది. మా అమ్మ నాకు పొద్దునా సాయంత్రం చిన్న గ్లాసుతో ఇచ్చిన వాసన. పథ్యంలో నీళ్లు వద్దంటారు గానీ వాము నీళ్లు వద్దనరు. వాము పడితే అది నీళ్లు కాదు, మందు.

ఈసారి పెరటి తలుపు దగ్గరికి వెళ్లి, నోరు అదుపులో పెట్టుకుని పిలిచాను. "అక్కా, వాము నీళ్లు ఇస్తాండావా పాపకు?"

"ఇస్తా. పొద్దున ఒగసారి, మాపున ఒగసారి."

"కడుపు పాడైనప్పుడు వాము ఎక్కువ ఇస్తారు గదక్కా. మాయమ్మ నాకు అట్లనే ఇచ్చింది."

తలుపు ఓరగా తెరుచుకుంది. "ఇస్తారు" అంది.

నా దగ్గరున్న పొట్లం దాచలేదు. ఆమె కళ్ల ముందే పెట్టాను. ఇది ఉప్పు, ఇది చక్కెర లాంటిది, ఒంట్లోంచి పోయినవే మళ్లీ వేస్తున్నాం, వాము నీళ్లలోనే కలుపుదాం అన్నాను. ఆమె పొడిని వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. తర్వాత తలుపు బార్లా తీసింది.

తీరా చూస్తే ఆమె పొట్లం చించి మొత్తం చిన్న గ్లాసులో పోయబోయింది. "గట్టిగుంటే తొందరగా పని సేస్తాది గదా!" అంది. చెయ్యి పట్టుకుని ఆపాను. అలా పోస్తే మేలు బదులు కీడు జరుగుతుంది. లీటరు పట్టే బాటిల్ తెచ్చి, రొంత వాము వేసి మరిగించి చల్లార్చిన నీళ్లు కొలిచి, అందులో కలిపాం. ఆమె ముందు తాను ఒక చెంచా తాగి చూసింది. ఆ తర్వాతే కూతురి నోటికి పెట్టింది.

మొదటి చెంచాలు తాగిన కాసేపటికే పిల్ల కక్కేసింది. అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఏమైనా అయితే ఆమె అక్కను చంపిన నీళ్లకు తోడు ఇప్పుడు నా నీళ్లు. కాసేపు ఆగి మళ్లీ ఇద్దాం అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్లీ ఒక్కో చెంచా. ఈసారి నిలిచింది. ఎండ నడినెత్తికి వచ్చింది, దిగింది. నేను చెంచా, ఆమె బిడ్డ. ఆమె చెంచా, నేను బిడ్డ. మధ్యలో ఆమె లేచి గుడ్డలు ఉతికి వస్తోంది, పొయ్యి కిందికి కట్టెలు ఎగదోస్తోంది. మా ఆయన పరుపులు మోసే ట్రాలీ ఆటో తెచ్చి వాకిట్లో ఆపి, అందులో ఒక కొత్త పరుపు పరిచి ఉంచాడు. చక్రాలకు గాలి ఉందా అని మాటిమాటికీ తన్ని చూస్తున్నాడు. పిల్ల మాత్రం ఒంటికి పోలేదు.

పొద్దు గుంకబోతుండగా, "అమ్మా, నన్ను లేపు" అంది పిల్ల. అక్క పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది. నేను బిడ్డను ఎత్తుకుని గుమ్మంలో నిలుచున్నాను. అక్క పెరట్లోంచే అరిచింది, "పోసిందమ్మీ! పోసింది!" నేను గడప మీదే కూలబడి నవ్వాను. ఆమె వచ్చి నా తల పట్టుకుని నవ్వింది, వెంటనే ఏడ్చింది. దేవరగట్టు స్వామికి టెంకాయ మొక్కుకుంది. కూతురు ఒంటికి పోయినందుకు దేవుడికి మొక్కుకున్న ఇల్లు ఇంకొకటి ఉంటుందో లేదో నాకు తెలియదు. పసిది అప్పుడు రొమ్ము అందుకుంటే చాలాసేపు వదల్లేదు.

ఆ సాయంత్రం ఆమె మొహం వాడిపోయి ఉండటం నేను చూశాను. పొద్దున్నుంచి చాకిరీ కదా, ఉండదా మరి అనుకున్నాను. ఇంటికి వచ్చి, బతికిపోయాం అని మా ఆయనతో చెప్పాను.

మరునాడు పొద్దున గోడ అవతలి నుంచి పిలిచింది తల్లి కాదు, కూతురు. "చిన్నమ్మా! రా చిన్నమ్మా! మాయమ్మ లేస్తా లేదు!"

అక్క బట్టలుతికే బండ పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టూ ఉతకని గుడ్డలు. ఈసారి అవి ఆమెవే. చేతి మీది చర్మం పట్టి వదిలితే మడత మడతగానే ఉండిపోయింది. పిలిస్తే కళ్లు తెరిచింది గానీ మాట నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. ఎప్పటి నుంచి అని అడిగితే, "మొన్నట్నుంచే, రొంత రొంత" అంది. అంటే నాతో కూర్చుని చెంచాతో కూతురికి పట్టిన ఆ పగలంతా ఆమెకూ ఉంది. గుడ్డలు ఉతకడానికి అని లేచి వెళ్లినప్పుడల్లా వెళ్లింది అందుకే.

వంటింట్లోకి పరుగెత్తాను. పొయ్యి పక్కన కాచి చల్లార్చిన నీళ్ల బిందె, పైన పళ్లెం, పళ్లెం మీద బరువుకు రాయి. నిండుగా ఉంది. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది.

"ఇన్ని కాచిన నీళ్లు పెట్టుకుని మీ యమ్మ తాగలేదా?" అని అరిచాను.

"అవి నావి చిన్నమ్మా" అంది ఆ పిల్ల, ఏడుస్తూ. "గ్యాస్ అయిపోయింది. కట్టెల మీద కాంచేదే కష్టం, నువ్వు తాగు, నాకేమి అంటాది. మాయమ్మ డ్రమ్ములోవే, కాంచనివే తాగుతాది."

పిల్ల దగ్గర ఎదురింటామెను కూర్చోబెట్టాం. ఎమ్మిగనూరుకు ఫోన్ చేస్తే అల్లుడు మగ్గం దిగి అట్లే బండెక్కి బయల్దేరాడు. కూతురి కోసం పరిచి ఉంచిన పరుపు మీద తల్లిని పడుకోబెట్టి తీసుకుపోయాం. దారి పొడుగునా ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని, చెంచాతో పడుతూ, నిద్రపోవద్దని మాట్లాడుతూనే ఉన్నాను. పిచ్చి మాటలు, రొట్టెల మాటలు, అల్లుడి మాటలు. ఆమె జవాబు ఇవ్వకపోతే చెంప తట్టేదాన్ని. మా ఆయన వెనక్కి తిరగకుండానే "ఉందా?" అని అడిగేవాడు. ఉంది అనేదాన్ని. ఒక చోట ఆ మాట అనడానికి నాకు ధైర్యం చాలలేదు, ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి చెప్పాను.

ఆస్పత్రిలో ఆడవాళ్ల వార్డులో ఆమెకు సెలైన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీలకు వచ్చేదని డాక్టరమ్మ అంది. ఇప్పుడేం చెప్పలేం, సాయంత్రానికి చూద్దాం అని కూడా అంది. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని సీసాలోంచి చుక్కలు పడటం చూస్తూ ఉన్నాను. చాలాసేపటి తర్వాత గానీ చుట్టూ చూడలేదు. చూస్తే చాలా మొహాలు తెలిసినవే, మా వీధివాళ్లే. నాకు పాఠం అప్పజెప్పినవాళ్లే. లేచి ఒకామె దగ్గరికి వెళ్లి, "ఇంట్లో నీళ్లు కాంచలేదా?" అని అడిగాను. "కాంచినామక్కా, పిల్లోళ్లకు" అంది. ఇంకొకామె, "మా అత్తకు, మా యప్పకు కాంచినా" అంది. మూడో ఆమెను అడగలేకపోయాను. పిల్లలకు, ముసలివాళ్లకు, బాలింతలకు అని గొంతు చించుకుని చెప్పాను. కాచే మనిషి కూడా తాగాలని ఒక్క ఇంట్లోనూ చెప్పలేదు. అది చెప్పాల్సిన మాట అని తోచనే లేదు. వాళ్ల మీద కోపం, నా మీద కోపం, ఎవరి మీదో తెలియని కోపం.

సాయంత్రానికి అక్క కళ్లు తేటపడ్డాయి. పెదాలు కదిపింది. "పాప తాగిందా?"

"తాగింది. అల్లుడు వచ్చినాడు. ఆయనే కాంచి, వాము ఏసి, తాపుతాండాడంట. బిడ్డ పాలు తాగి నిద్రపోతాంది." బాటిల్‌లోంచి గ్లాసులో పోసి ఆమె నోటి దగ్గర పెట్టాను. అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకేమమ్మీ..."

"ఇది నీదే అక్కా. ఎవురిదీ కాదు. తాగు."

తాగింది. కొంచెం కొంచెంగా, సిగ్గుపడుతున్నట్టు తాగింది. అంతా అయ్యాక తల దిండు మీద వాల్చి నా మొహం చూస్తూ ఉండిపోయింది. నా పెదాలు చూస్తోందని కాసేపటికి గానీ అర్థం కాలేదు.

"నువ్వు ఏ నీళ్లు తాగుతాండావమ్మీ?" అంది.

మా ఇంట్లో కాచిన బిందె పిల్లలకు, మా ఆయనకు. అడుగు కనబడుతూ ఉంటుంది కాబట్టి నేను దాని జోలికి పోను. దప్పిక వేస్తే వెళుతూ వెళుతూ డ్రమ్ములో చెంబు ముంచుకునేదాన్ని. ఆమె కళ్లతోనే బాటిల్ చూపించింది. వేరే గ్లాసు తీసుకుని పోసుకున్నాను. పొద్దున్నుంచి నా కడుపులో మెలిపెడుతున్నది భయమే అని అప్పటిదాకా అనుకుంటూ ఉన్నాను.